పైన ఏముంది? ఆకాశం!

2025 ఫిబ్రవరి 5. సాయంత్రం మా పై వాటా పిన్నిగారు చిక్కుడుకాయల పళ్ళెంతో సహా దిగివచ్చి మా హాల్లో కూర్చున్నారు. ఒంటరిగా కూర్చుని కూర బాగుచెయ్యడమంటే ఆవిడకి మహా విసుగు. రాసుకుంటున్న కాగితాలు పక్కన పెట్టి, నేనూ నాలుగు కాయలు ఒళ్ళో వేసుకుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టాను. టీవీలో వార్తలొస్తున్నాయి.

అమృత్‌సర్ విమానాశ్రయంలో అమెరికా సైనిక విమానం ఒకటి దిగిందట. అందులో 104 మంది మనదేశస్థులు. సరైన కాగితాలు లేకుండా ఆ దేశంలో వున్నారని పట్టుకుని వెనక్కి పంపించేశారు. చాలామందికి దారి పొడుగునా చేతులకీ కాళ్ళకీ సంకెళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు. పిల్లలూ వున్నారు.

"లేకపోతే ఏమిటమ్మాయ్! చెప్పాపెట్టకుండా ఒకళ్ళింట్లో దూరితే పీట వేసి కూర్చోబెడతారా?" అన్నారు పిన్నిగారు.

"పెద్దవాళ్ళ సంగతి సరే. పిల్లలేం చేశారు పిన్నిగారూ?"

"పిల్లలదేముంది! కన్నవాళ్ళు చేసినదానికి వాళ్ళూ అనుభవించాలి. ఏం చేస్తాం?"

ఆవిడ కఠినురాలు కాదు సుమండీ. వాచ్‌మన్ కూతురికి పరీక్ష ఫీజు కట్టిన మనిషి. నాక్కూడా అప్పటికప్పుడు బదులు తోచలేదు. కాని రాత్రి పడుకున్నాక ఆ మాట నన్ను వదల్లేదు. కన్నవాళ్ళు చేసినదానికి పిల్లలు అనుభవించాలంటే, ఎన్నేళ్ళు? పదేళ్ళా? ఇరవయ్యా? పిల్లవాడికి గడ్డం మొలిచిన రోజున ఆ తప్పు వాడిదైపోతుందా?

ఈ ప్రశ్న నాకంటే ముందే ఒకాయన వేశాడు. వేసి, ఒక దేశం మొత్తాన్నీ జవాబు చెప్పమన్నాడు. ఆయన పేరు హొసే ఆంటోనియో వర్గాస్. ఆయన రాసిన పుస్తకం చదివినప్పటి నుంచీ ఆయన్ని గురించి మీతో చెప్పాలని వుంది. పిన్నిగారి పుణ్యమా అని ఇవాళ కుదిరింది.

వర్గాస్‌ది ఫిలిప్పీన్స్ దేశం. 1981లో పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లే పెంచింది. అమ్మమ్మా తాతా అప్పటికే అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో మౌంటెన్‌వ్యూ అనే వూళ్ళో స్థిరపడి, అక్కడి పౌరులయ్యారు. గొప్ప వుద్యోగాలేం కావు. ఆయన సెక్యూరిటీ గార్డు, ఆవిడ భోజనం వడ్డించే పని.

కూతుర్ని కూడా తెచ్చుకోవాలని ఆ తండ్రికి వుండదూ? వుంది. అర్జీ పెట్టాడు. అయితే పెళ్ళయిన సంతానానికి అనుమతి రావడం కష్టం, పెళ్ళికాని వాళ్ళకి కొంత తేలిక. భర్త వదిలేసిపోయినా చట్టం దృష్టిలో ఆమె పెళ్ళయిన మనిషే. వాళ్ళ దేశంలో విడాకుల చట్టం లేదు. అందుకని "పెళ్ళికాని కూతురు" అని రాశాడాయన. రాశాక గుండెల్లో దడ మొదలైంది. అబద్ధం బయటపడుతుందేమోనని భయపడి అర్జీ వెనక్కి తీసేసుకున్నాడు. ఆమె కోసం టూరిస్టు వీసాకి ప్రయత్నిస్తే అదీ రాలేదు.

ఇక మిగిలింది ఒకటే. తాను రాలేకపోయినా కొడుకునైనా పంపించాలి. వాడైనా బాగుపడాలి. ఈ ఆలోచన మనకి కొత్తదేం కాదు. పిల్లవాడి చదువు కోసం వాణ్ణి పట్నంలో తాతగారింట వదిలి, బస్సెక్కి, వూరు దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన తల్లులు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు?

1993 ఆగస్టులో ఒక తెల్లవారుజామున తల్లి పన్నెండేళ్ళ వాణ్ణి నిద్రలేపి టాక్సీ ఎక్కించింది. అక్కడ చలిగా వుంటుందేమోనని ఒక కోటు చేతికిచ్చింది. విమానాశ్రయంలో ఒకాయన్ని చూపించి, మావయ్య, ఈయన వెంట వెళ్ళమన్నారు. ఎవరైనా అడిగితే డిస్నీలాండ్ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పమన్నారు. ఆ మావయ్య మావయ్య కాదు. డబ్బు తీసుకుని మనుషుల్ని సరిహద్దు దాటించేవాడు. తాత ఆయనకి 4,500 డాలర్లు ఇచ్చాడు. సెక్యూరిటీ గార్డు జీతంలోంచి కూడబెట్టిన 4,500 డాలర్లంటే ఎన్ని రాత్రుల కాపలానో మీరే వూహించుకోండి. ఈ సంగతులేవీ పిల్లవాడికి తెలియవు. వాడికి తెలిసిందల్లా తాతగారింటికి వెళ్తున్నాననే.

కొత్త బళ్ళో చేరిన రోజుల్లో ముఖం మీద మచ్చలున్న తెల్లపిల్లవాడొకడు పలకరింపుగా "వాట్సప్?" అన్నాడు. ఎలా వున్నావోయ్ అని వాడి భావం. మనవాడు ఇంగ్లీషు మాటకి మాట అర్థం చెప్పుకుని, పైన ఏముందని అడుగుతున్నాడు కాబోలు అనుకుని, "ఆకాశం!" అని జవాబిచ్చాడు. చుట్టూ వున్న పిల్లలు ఘొల్లున నవ్వారు.

నవ్వించుకున్న పిల్లవాడు వూరుకోలేదు. ఇంగ్లీషు మీద దండయాత్ర చేశాడు. టీవీ నాటికలు చూసి, నటులు ఏ మాట ఎలా పలికితే అలా పలికి యాస దిద్దుకున్నాడు. ఎనిమిదో తరగతిలో స్పెల్లింగుల పోటీలో నెగ్గాడు. నెగ్గించిన మాట "ఇన్‌డిఫాటిగబుల్". అలుపెరగని అని అర్థం. వాడికి సరిపోయిన మాటే.

పదహారో ఏడు వచ్చింది. అక్కడ ఆ వయసు పిల్లలకి కారు లైసెన్సంటే, మన పిల్లలకి మొదటి సెల్‌ఫోన్ అన్నంత సంబరం. తాత ఇచ్చిన గ్రీన్ కార్డు జేబులో పెట్టుకుని సైకిలెక్కి లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటరు దగ్గర కూర్చున్నావిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. ముందుకి వంగి గొంతు తగ్గించి, ఇది దొంగ కార్డు, మళ్ళీ ఇక్కడికి రాకు, అని చెప్పింది.

ఇంటికొచ్చాడు. తాత కారు షెడ్డులో కూర్చుని సరుకుల మీద ధర తగ్గించే కూపన్లు కత్తిరిస్తున్నాడు. కార్డు చూపించి ఇది దొంగదా అని అడిగాడు. ఆ ముసలాయన ముఖం చూస్తేనే వాడికి జవాబు తెలిసిపోయింది. అవును, కొన్నదే. ఇంకెవరికీ చూపించకు, అన్నాడు తాత.

ఇక్కడ నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియడం లేదు. తాత చేసింది నేరం. అందులో సందేహం లేదు. కాని రాత్రంతా ఎవరి ఆస్తికో కాపలా కాసి, పగలు కూపన్లు కత్తిరించుకుంటూ మనవడి భవిష్యత్తు కొన్న ముసలాయన్ని నేరస్థుడనడానికి నా కలం సాగడం లేదు. ఇక ఆ కౌంటరు దగ్గరి ఆడమనిషిని చూడండి. పోలీసుల్ని పిలవలేదు. గొంతు తగ్గించింది. ఆమె పేరు కూడా మనకి తెలియదు. ఆ గొంతు తగ్గించకపోతే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

మీకో సందేహం రావచ్చు. కాగితాల్లేని పిల్లవాణ్ణి అసలు బళ్ళో ఎలా చేర్చుకున్నారని. దాని వెనక ఇంకో కథ వుంది. అది కాస్త చెప్పుకుని మళ్ళీ మనవాడి దగ్గరికి వద్దాం.

1975లో టెక్సాస్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకి సర్కారు డబ్బు ఇవ్వదని. 1977లో టైలర్ అనే వూరి బడులవాళ్ళు అటువంటి పిల్లలు ఒక్కొక్కరూ ఏడాదికి వెయ్యి డాలర్లు కడితేనే రావచ్చన్నారు. గులాబీ తోటల్లో, కర్మాగారాల్లో కూలి చేసుకునే మెక్సికోవాళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? నాలుగు కుటుంబాలు కోర్టుకెక్కాయి. కోర్టుకి వెళ్తే తాము కాగితాల్లేనివాళ్ళమని తామే ఒప్పుకున్నట్టు. అటునుంచి అటే దేశం దాటించినా దాటించవచ్చు. అందుకని ఆ కుటుంబాలు విచారణ రోజున సామాను కారులో సర్దుకుని మరీ వచ్చాయి. నలుగురి కంటా పడకుండా వుండాలని జడ్జిగారు విచారణ తెల్లవారుజామున ఆరింటికే పెట్టించారు.

వుప్పూ పప్పూ సర్దుకుని, పిల్లల్ని చీకట్లో లేపి, బడి కోసం కోర్టు మెట్లెక్కిన ఆ తల్లుల్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1982 జూన్ 15న తొమ్మండుగురు జడ్జీల్లో అయిదుగురు పిల్లల పక్షాన, నలుగురు ఎదురుగా తీర్పు చెప్పారు. ఒక్క వోటు తేడా! పెద్దవాళ్ళ నడవడికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదు, బడి తలుపు మూయడానికి వీల్లేదు, అన్నారు. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పునే ప్లైలర్ కేసు తీర్పంటారు. పదకొండేళ్ళ తర్వాత ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మన పిల్లవాడు నిశ్చింతగా బడిబల్ల మీద కూర్చున్నాడంటే ఆ మెక్సికో తల్లుల చలవే.

అయితే ఆ తీర్పు బడి గడప దాకానే. పన్నెండో తరగతి పూర్తికాగానే ఎదురుగా గోడ. ఆ రోజుల్లో వుద్యోగం చెయ్యడానికి వీల్లేదు, కాలేజీ చదువుకి సర్కారు సాయం లేదు, లైసెన్సు లేదు.

మన కథలోకి వస్తే, వర్గాస్ బళ్ళో పాటల బృందంలో వుండేవాడు. పాటల టీచరమ్మ ఆ ఏడు పిల్లలందర్నీ జపాను తీసుకెళ్దామనుకుంది. డబ్బు కావాలంటే చూద్దాంలే అంది. డబ్బు కాదండీ, నాకు సరైన పాస్‌పోర్టే లేదు, అని నోరు విప్పాడు. మొట్టమొదటిసారి ఒక పెద్దమనిషితో నిజం చెప్పడం అదే. ఆవిడ ఏం చేసిందో తెలుసా? బృందం మొత్తాన్నీ జపాను మానిపించి హవాయికి తీసుకెళ్ళింది. హవాయి అమెరికాలోదే, పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒక్క పిల్లవాణ్ణి వెనక వదలడం ఇష్టం లేక అందరి దారీ మార్చింది. చట్టం ఆమె చేతిలో లేదు, ప్రయాణం ఆమె చేతిలో వుంది. చేతిలో వున్నది చేసింది.

తర్వాత ప్రధానోపాధ్యాయురాలికి తెలిసింది. ఆ తర్వాత బడుల అధికారికి. వాళ్ళిద్దరూ కలిసి కాలేజీ ఫీజుకి ఒక దాతని వెతికిపెట్టారు. ఆ దాత పౌరసత్వం గురించి అడగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. చదువుకుంటూనే పత్రికల్లో రాశాడు. పత్రికలోకే ఎందుకు వెళ్ళాడంటే, అచ్చులో తన పేరు కనిపిస్తే తానంటూ వున్నట్టు ఒక రుజువు. కాగితాల్లేని మనిషికి అదొక్కటే కాగితం! కథ కింద తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్న ఏ ఆడపిల్లకైనా ఈ మాట అర్థమవుతుంది. నాకు బాగా అర్థమైంది.

2004లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వుద్యోగం. 2008లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో జరిగిన కాల్పుల వార్తలు రాసిన బృందానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ బృందంలో మనవాడూ వున్నాడు. అమెరికా పత్రికారంగంలో అంతకు మించిన బహుమతి లేదు. అమ్మమ్మ ఫోన్ చేసింది. మురిసిపోయి కాదు. పదిమందికీ తెలిసిపోతే ఎలారా, అని. ఆఫీసు మరుగుదొడ్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడట.

ఈ భాగం చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. పిల్లవాడు పైకి వస్తున్నకొద్దీ ఇంట్లోవాళ్ళకి భయం పెరగడమేమిటి చెప్పండి? మామూలు ఇళ్ళల్లో బహుమతి వస్తే వీధంతా లడ్డూలు పంచుతారు. అక్కడ కిటికీ తలుపులు మూసుకోవలసి వచ్చింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ వుద్యోగాలన్నీ వూరికే రాలేదు. ప్రతిచోటా ఫారం నింపాలి. నువ్వు అమెరికా పౌరుడివా అన్న గడిలో ఆయన టిక్కు పెట్టాడు. పని చెయ్యడానికి అనుమతి కావాలన్న మాట కనబడకుండా కార్డు మీద తెల్లటేపు అంటించి జిరాక్సులు తీయించారు. ఒక అబద్ధం నిలవడానికి ఇంకో అబద్ధం. తాత మొదలుపెట్టిన అబద్ధాన్ని పెద్దయ్యాక మనవడు కొనసాగించాడు. పన్నెండేళ్ళ పిల్లవాడికి పాపం అంటని మాట నిజమే, ఇరవై రెండేళ్ళ వాడి సంగతేమిటి? అని పిన్నిగారు అడిగితే నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆయన దగ్గరా లేదు. అందుకే ఆ టిక్కుని ఆయన తన రాతల్లో ఎక్కడా దాచలేదు, సమర్థించుకోనూ లేదు.

"అంత బాధగా వుంటే వెనక్కి వెళ్ళి, వరసలో నిలబడి, దర్జాగా కాగితాలతో రావచ్చు కదా?" అనవచ్చు మీరు. చాలామంది అంటారు. సంగతేమిటంటే, 1996లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, పద్ధెనిమిదేళ్ళు దాటాక ఏడాదికి పైగా అనుమతి లేకుండా వున్నవాళ్ళు దేశం దాటారంటే పదేళ్ళ దాకా తిరిగి రాకూడదు. పైగా ఆయన్ని పిలిపించుకునే తల్లో తండ్రో భార్యో అక్కడుంటే కదా వరసైనా వుండేది! అమెరికా పౌరురాలిని పెళ్ళిచేసుకుంటే అన్నీ సర్దుకుంటాయని తాత ఆశ. కాని మనవడు 1999లో, బళ్ళో వుండగానే, తాను పురుషుల్ని ఇష్టపడే పురుషుణ్ణని తరగతిలో అందరి ముందూ చెప్పేశాడు. తాత కోపంతో కొన్ని వారాలు ఇంట్లోంచి పంపేశాడు కూడా. దొంగపెళ్ళి చేసుకుని కాగితాలు సంపాదించుకోవడం ఆ పిల్లవాడికి మనస్కరించలేదు. ఒక విషయంలో అబద్ధం తప్పలేదు, రెండో విషయంలోనైనా నిజంగా బతుకుతానన్నాడు.

ఈలోగా ఇటువంటి పిల్లల కోసం ఒక చట్టం తేవాలన్న మాట 2001లోనే పుట్టింది. దానికి కారణం తెరీజా లీ అనే అమ్మాయి. తల్లిదండ్రులు కొరియావాళ్ళు, పిల్ల పుట్టింది బ్రెజిల్‌లో, రెండేళ్ళ వయసు నుంచి పెరిగింది షికాగోలో. పియానో అద్భుతంగా వాయిస్తుంది. కాలేజీ దరఖాస్తులు మాత్రం నింపదు. సంగీతం బడిలో ఒక టీచరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, కాగితాలు లేవని బయటపెట్టింది. ఆ సంగతి సెనేటర్ డర్బిన్ దాకా వెళ్ళి డ్రీమ్ యాక్ట్ అనే బిల్లు అయింది. "డ్రీమర్లు" అనే పేరు దాన్నుంచే వచ్చింది. దాని మీద సెనేట్ విచారణ పెట్టుకున్న రోజు 2001 సెప్టెంబర్ 12. ముందురోజు ఏం జరిగిందో మీకు తెలుసు. న్యూయార్కులో జంట భవనాలు కూలాయి. విచారణ రద్దయింది, బిల్లు మూలపడింది. తర్వాత ఎన్నిసార్లు బయటికి తీసినా గట్టెక్కలేదు. 2010 డిసెంబర్‌లో సెనేట్‌లో 55 మంది అవునన్నారు, 41 మంది కాదన్నారు. అయినా ఓడిపోయింది. 60 రావాలట!

ఆ 2010లోనే నలుగురు విద్యార్థులు మయామీ నుంచి వాషింగ్టన్ దాకా కాలినడకన వెళ్ళారు, మా సంగతి తేల్చండని. కాగితాల్లేనివాళ్ళు పేర్లు దాచుకోకుండా పట్టపగలు రోడ్డు మీద నడిచారు. అది చూసి వర్గాస్‌కి సిగ్గేసింది. పేరూ, పలుకుబడీ వున్న నేను దాక్కున్నాను, ఏమీ లేని ఈ పిల్లలు నడుస్తున్నారు, అనిపించింది. 2011 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ వారపత్రికలో తన కథంతా తానే రాసేశాడు. తాత, తెల్లటేపు, టిక్కు పెట్టిన గడి, అన్నీ. లాయర్లు వద్దని మొత్తుకున్నారు. రాసింది చాలక, వలసవాళ్ళ గురించి నలుగురూ మాట్లాడుకునే తీరు మార్చడానికి డిఫైన్ అమెరికన్ అని ఒక సంస్థ పెట్టాడు. అమెరికన్ అంటే ఎవరో మీరే చెప్పండి, అన్న ప్రశ్నే ఆ పేరు.

తెల్లారి పోలీసులొస్తారనుకున్నాడు. ఎవరూ రాలేదు. చివరికి తానే ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేసి, నన్నేం చెయ్యబోతున్నారండీ అని అడిగాడు. చెప్పడానికేమీ లేదన్నారట!

2012 జూన్ 15న ప్రెసిడెంట్ ఒబామా ఒక ప్రకటన చేశాడు. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపరు, రెండేళ్ళకోసారి కొత్తచేసుకునే పని అనుమతి ఇస్తారు. దాన్ని డాకా అంటారు. తేదీ చూశారా? టైలర్ పిల్లల తీర్పు వచ్చి సరిగ్గా ముప్ఫయ్యేళ్ళు. ఆ తర్వాత ఎనిమిది లక్షల మందికి పైగా దానివల్ల వూపిరి పీల్చుకున్నారు. షరతులు కొన్ని వున్నాయి. అందులో ఒకటి, ఆ రోజుకి వయసు 31 నిండకూడదు. వర్గాస్‌కి 31 నిండి నాలుగు నెలలు దాటింది! పదిమందీ బస్సెక్కడానికి కష్టపడి, అందరూ ఎక్కాక తలుపు మూసుకుపోయిన మనిషిలా రోడ్డు మీద మిగిలాడు. అయినా వాళ్ళ పని మానలేదు. తనకి రాకపోతేనేం, వచ్చినవాళ్ళది పోకుండా చూడాలి కదా!

2013లో సెనేట్ సంఘం ముందు నిలబడి, మమ్మల్ని ఏం చెయ్యదలచుకున్నారో చెప్పండి, అని అడిగాడు. అమ్మమ్మ ఆ గదిలోనే కూర్చుని విన్నది. పదిమందికీ తెలిసిపోతే ఎలారా అన్న అమ్మమ్మే! ఆ ఏడు ఏప్రిల్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, మనుషుల్ని పట్టుకుని "ఇల్లీగల్" అని రాయడం మానేస్తున్నామంది. అలా మానండని గట్టిగా అడిగినవాళ్ళలో వర్గాస్ ఒకడు. చేసిన పని చట్టవిరుద్ధం కావచ్చు, మనిషి చట్టవిరుద్ధం ఎలా అవుతాడు, అని ఆయన వాదన. మాటలతో బతికే నాలాంటిదానికి ఇది చిన్న విషయంగా కనబడదు.

2014 జూలైలో టెక్సాస్ సరిహద్దు వూరు మెకాలెన్‌లో ఆయన్ని పట్టుకున్నారు. మధ్య అమెరికా దేశాల నుంచి పెద్దవాళ్ళ తోడు లేకుండా వచ్చిన పిల్లలకి మద్దతుగా వెళ్ళాడక్కడికి. కొన్ని గంటలు ఆ పిల్లల మధ్యనే నిర్బంధంలో వుంచి వదిలేశారు. పన్నెండేళ్ళప్పుడు తానెలా వచ్చాడో అలాగే వచ్చిన పిల్లలు. వాళ్ళతో మాట్లాడదామంటే ఆయనకి స్పానిష్ రాదు. పేరు మాత్రం స్పానిష్ పేరే! ఫిలిప్పీన్స్‌ని మూడు వందల ఏళ్ళకి పైగా స్పెయిన్ ఏలింది మరి.

2019లో మౌంటెన్‌వ్యూలో కొత్తగా కట్టిన ప్రాథమిక పాఠశాలకి ఆయన పేరు పెట్టారు. ఆ రోజుకి ఆ దేశంలో వుండడానికి ఆయనకి చట్టప్రకారం హక్కు లేదు. ఆ దేశపు బడి గోడ మీద మాత్రం పేరుంది. 2024లో, వచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్ళకి, విశేష ప్రతిభ వున్నవాళ్ళకిచ్చే తాత్కాలిక వీసా దొరికింది. తాత్కాలికమే. పౌరసత్వం కాదు. ముప్ఫయ్యేళ్ళ కష్టానికి దేశం ఇచ్చిన జవాబు అంతమాత్రం.

నాకు మాత్రం ఆ కోటు ఇచ్చిన తల్లి కళ్ళ ముందు మెదులుతుంది. వర్గాస్ తన జీవితం మీద సినిమా తీస్తూ, ఆమెను పలకరించడానికి కెమెరా మనుషుల్ని పంపించాడు. తాను వెళ్తే తిరిగి రాలేడు కదా! కంప్యూటర్ తెర మీద మాట్లాడుకున్నారు తల్లీకొడుకులు. వాడైనా బాగుపడాలని పంపించింది, వాడు బాగుపడ్డాడు. పన్నెండో ఏట పంపిన పిల్లవాడి నూనూగు మీసాలూ, మొదటి జీతమూ, బహుమతీ ఏదీ ఆమె చూడలేదు. ఇందులో ఏది లాభమో, ఏది నష్టమో లెక్కవేసే త్రాసు నా దగ్గర లేదు.

ఈ కథంతా నాలుగు రోజుల తర్వాత పిన్నిగారికి చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. పాటల టీచరమ్మ దగ్గర మాత్రం, "చల్లగా వుండాలి ఆ తల్లి" అన్నారు. అంతా అయ్యాక కాసేపాగి, "అమ్మాయ్, మా న్యూజెర్సీవాడికి వచ్చే ఏడు ఇరవై ఒకటి నిండుతుంది" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. మనవడు మూడేళ్ళప్పుడు తల్లిదండ్రులతో వెళ్ళాడు. తండ్రికి హెచ్-వన్-బి, పిల్లవాడికి దానిమీద ఆధారపడే హెచ్-ఫోర్. అన్నీ సక్రమమైన కాగితాలే. గ్రీన్ కార్డుకి అర్జీ పెట్టి ఏళ్ళయింది. ఏడాదికిచ్చే ఆ కార్డుల్లో ఏ దేశంవాళ్ళకైనా నూటికి ఏడుకి మించి ఇవ్వకూడదని చట్టం. చిన్న దేశానికీ అంతే, మనలాంటి మహా దేశానికీ అంతే. కాబట్టి మనవాళ్ళ వరస కదలదు. పిల్లలకి మాత్రం వయసు కదులుతుంది. ఇరవై ఒకటి నిండిన రోజున హెచ్-ఫోర్ పోతుంది. విద్యార్థి వీసాకో మరోదానికో మారాలి, లేదా పెరిగిన దేశం విడిచి రావాలి. ఇటువంటి పిల్లలు రెండు లక్షలకి పైగా వున్నారని వాళ్ళ తరపున పనిచేసే సంఘంవాళ్ళు చెబుతారు. చాలామంది భారతీయులు. అమెరికా చేరిన మన తెలుగు ఇళ్ళల్లో ఇది తెలియని ఇల్లు అరుదు. ఇంకో తమాషా చూడండి. డాకా వీళ్ళకి వర్తించదు. 2012 జూన్ 15న కాగితాలు లేనివాళ్ళకే అది. వీళ్ళకి కాగితాలున్నాయిగా!

"రూల్సన్నీ పాటించాం కదమ్మాయ్. వాడేం తప్పు చేశాడు?" అన్నారు పిన్నిగారు.

మొన్నటి తన మాట ఆవిడకి గుర్తుందో లేదో నేను అడగలేదు. కష్టంలో వున్న మనిషిని మాటతో పొడవడం మర్యాద కాదు. కాని నాకు అనిపించింది మీతో చెబుతాను. సక్రమంగా వెళ్ళినవాళ్ళ పిల్లలకీ, దొంగదారిన వెళ్ళినవాళ్ళ పిల్లలకీ పెద్దల విషయంలో చాలా తేడా వుంది. పిల్లల విషయంలో నాకేం తేడా కనబడలేదు. ఇద్దర్నీ నిద్రలో లేపి విమానం ఎక్కించినవాళ్ళే. ఇద్దరూ ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. ఈ హెచ్-ఫోర్ పిల్లలు కూడా ఇప్పుడు వర్గాస్ చూపిన దారే పట్టారు. ఇంట్లో ముడుచుకు కూర్చోకుండా చట్టసభల మెట్లెక్కి, మా సంగతి చెప్పండని అడుగుతున్నారు.

పిన్నిగారు వర్గాస్ పుస్తకం తీసుకెళ్ళారు. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు. మనవణ్ణి రోజుకి కాస్త ఫోన్లో చదివి అర్థం చెప్పమంటానన్నారు. "వాడికి తెలుగులో అర్థం చెప్పడం వచ్చా?" అన్నాను. "రాకపోతే నేర్చుకుంటాడు. ఆ పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకోలేదూ!" అని మెట్లెక్కుతూ అన్నారు ఆవిడ.